ఎర్త్ లేని ఓడలో ఎర్త్ ఫాల్ట్‌ను పట్టేదెలా?

అనంతపురం పల్లెల్లో బోరు మోటారు వైండింగ్ కాలి బాడీకి తగిలితే ఏమవుతుందో రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఫ్యూజ్ ఎగిరిపోతుంది, లేదంటే స్టార్టర్ డబ్బా ముట్టుకున్నప్పుడు షాక్ కొడుతుంది. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమిలోకి దించి ఉంటారు కాబట్టి, ఏ ఫేజ్ నేలను తాకినా (దీన్నే ఎర్త్ ఫాల్ట్ అంటారు) కరెంటు భూమి గుండా ట్రాన్స్‌ఫార్మర్‌కు తిరిగి చేరడానికి దారి ఉంటుంది. ఎర్త్ గుంత తడిగా ఉంటే ఆ కరెంటు గట్టిగా పారి ఫ్యూజ్ పోతుంది. ఎండాకాలంలో గుంత ఎండిపోతే అంత కరెంటు పారదు, ఫ్యూజ్ అలాగే ఉంటుంది, మోటారు బాడీ మీద వోల్టేజ్ నిలబడిపోతుంది. గుంతలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోసేది అందుకే. మన ఇళ్లలో, పొలాల్లో రక్షణ అంతా ఈ లెక్క మీదే నడుస్తుంది: ఫాల్ట్ వస్తే కరెంటు బాగా పారాలి, పారితే ఏదో ఒకటి ట్రిప్ కావాలి.

సరుకు ఓడల్లో, ట్యాంకర్లలో, చాలా యుద్ధనౌకల్లో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. అక్కడి 440 వోల్ట్, 60 హెర్ట్జ్, మూడు ఫేజ్‌ల సప్లైలో జనరేటర్ న్యూట్రల్‌ను ఓడ బాడీకి, అంటే హల్‌కు, కలపరు. ఒక ఫేజ్ వైరు ఇన్సులేషన్ పోయి హల్‌కు తగిలినా తిరిగి జనరేటర్‌కు చేరే దారి లేదు కాబట్టి పెద్ద కరెంటు పారదు, బ్రేకర్ ట్రిప్ కాదు, మోటారు తిరుగుతూనే ఉంటుంది. కావాలనే అలా కడతారు. నడిసముద్రంలో, లేదా రేవులోకి వచ్చే ఇరుకు దారిలో చుక్కానిని తిప్పే స్టీరింగ్ గేర్ మోటారు చటుక్కున ఆగిపోతే ఏమవుతుందో ఊహించుకుంటే కారణం అర్థమవుతుంది. 2024 మార్చి 26న డాలీ అనే కంటైనర్ ఓడ కరెంటు పోయి, అదుపు తప్పి, అమెరికాలోని బాల్టిమోర్ వంతెనను గుద్దింది, ఆరుగురు కార్మికులు చనిపోయారు. అక్కడ కారణం ఎర్త్ ఫాల్ట్ కాదు, అది వేరే కథ. కానీ ఓడకు కరెంటు కొద్ది నిమిషాలు లేకపోయినా ఎంత దూరం పోతుందో ఆ రోజు ప్రపంచమంతా చూసింది. స్టీరింగ్ గేర్ మోటారుకు ఓవర్‌లోడ్ వస్తే ట్రిప్ చేయకుండా అలారం మాత్రమే ఇచ్చేలా పెట్టేది కూడా ఇదే ఆలోచనతోనే: మోటారు కాలినా ఫర్వాలేదు, చుక్కాని మాత్రం తిరగాలి.

కర్నూలు, కడప, అనంతపురం కాలేజీల్లో ట్రిపుల్ ఈ చదివి, ఈటీఓ (ఓడలో ఎలక్ట్రికల్ పనులు చూసే ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్) కోర్సు చేసి ఓడలెక్కే పిల్లలకు మొదట్లో ఇక్కడే తికమక. కాలేజీలో న్యూట్రల్ ఎర్తింగ్ పాఠంలో ఎర్త్ చేయని సిస్టమ్ మంచిది కాదని చదువుకుని ఉంటారు. ఆర్కింగ్ గ్రౌండ్ వస్తుంది, అంటే ఫాల్ట్ దగ్గర నిప్పురవ్వ ఆరుతూ వెలుగుతూ ఉంటే వోల్టేజ్ మెట్టుమెట్టుగా పేరుకుని, సిద్ధాంతం ప్రకారం మామూలుకు ఐదారు రెట్ల దాకా పోవచ్చు, మిగతా పరికరాల ఇన్సులేషన్ దెబ్బతింటుంది. ఇదంతా నిజమే. ఓడలోనూ నిజమే. అయినా ఓడ కట్టేవాళ్లు ఆ రిస్కును తెలిసే తీసుకుంటారు, ఎందుకంటే అది ఒక గడువును కొనిపెడుతుంది. మొదటి ఫాల్ట్ వచ్చాక రెండోది వచ్చేలోపు దొరికే సమయం అది. ఈ పద్ధతి విలువంతా ఆ గడువులోనే ఉంది. ఆ సమయంలో ఫాల్ట్‌ను పట్టుకుని తీసేస్తే ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. అలారం మోత ఆపేసి ఊరుకుంటే ఇంతకన్నా చెడ్డదీ లేదు.

ఎందుకంటే, ఆర్, వై, బి అనే మూడు ఫేజ్‌లలో ఆర్ ఫేజ్ ఒకచోట హల్‌కు తగిలి ఉందనుకుందాం. ఆ క్షణం నుంచి హల్ మొత్తం ఆర్ ఫేజ్ అయిపోయినట్టే. మిగతా రెండు ఫేజ్‌లు హల్‌తో పోలిస్తే మామూలుగా 254 వోల్ట్ దగ్గర ఉండేవి కాస్తా 440కి చేరతాయి, అంటే 1.73 రెట్లు. ఓడలో ఉన్న ప్రతి మోటారు, ప్రతి కేబుల్, ప్రతి హీటరు మీద రెండు ఫేజ్‌ల ఇన్సులేషన్ ఆ అదనపు భారాన్ని గంటల తరబడి మోస్తూ ఉంటుంది. వాటిలో ఎక్కడో ఒక బలహీనమైన చోట వై ఫేజ్ కూడా హల్‌కు తగిలిందంటే, అది ఇక ఎర్త్ ఫాల్ట్ కాదు, హల్ గుండా రెండు ఫేజ్‌ల మధ్య షార్ట్. మొదటి ఫాల్ట్ వంటగది హీటరులో, రెండోది స్టీరింగ్ గేర్ ఫీడర్‌లో, అంటే దానికి కరెంటు తీసుకెళ్లే లైనులో, ఉంటే ఏ బ్రేకర్ ముందు పడుతుందో చెప్పలేం. రెండూ పడొచ్చు. దేన్ని కాపాడాలని ఇదంతా చేశారో అదే పోతుంది.

ఇంకొక అపోహ ఇంతకన్నా ప్రమాదకరం. న్యూట్రల్‌కు ఎర్త్ లేదు కదా, ఒక్క ఫేజ్ వైరు ముట్టుకుంటే ఏమీ కాదు, కరెంటుకు తిరిగిపోయే దారే లేదు అనుకోవడం. దారి ఉంది. ప్రతి కేబుల్‌లోని కండక్టరుకు, హల్‌కు మధ్య ఇన్సులేషన్ ఉంటుంది కాబట్టి అది కెపాసిటరే. కిలోమీటర్ల కొద్దీ కేబుళ్లు, మోటారు వైండింగులు, వాటికి తోడు ఎలక్ట్రానిక్ పరికరాల్లో రేడియో గోల తగ్గించడానికి పెట్టే ఫిల్టర్ కెపాసిటర్లు, ఇవన్నీ కలిసి ప్రతి ఫేజ్‌ను హల్‌కు కెపాసిటెన్స్ ద్వారా కట్టేసి ఉంచుతాయి. లెక్క వేసి చూద్దాం. ఒక్కో ఫేజ్‌కు 1 మైక్రోఫారడ్ ఉన్న చిన్న సిస్టమ్‌లో 60 హెర్ట్జ్ దగ్గర ఒక ఫేజ్ నేరుగా హల్‌కు తగిలితే పారే కరెంటు సుమారు 0.29 ఆంపియర్లు. అదే 10 మైక్రోఫారడ్లు ఉన్న పెద్ద ఓడలో 2.9 ఆంపియర్ల దాకా వస్తుంది. బ్రేకర్‌కు ఇది లెక్కలోకి రాదు. మనిషి సంగతి వేరు. ఒంటి రెసిస్టెన్స్ 1000 ఓమ్‌లు అనుకుంటే, చిన్న సిస్టమ్‌లోనే సుమారు 190 మిల్లీ ఆంపియర్లు, పెద్దదానిలో 250 మిల్లీ ఆంపియర్లు ఒంట్లోంచి పోతాయి. మన ఇంట్లో లీకేజీని పట్టే బ్రేకర్ ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లకే సప్లై కట్ చేస్తుందని గుర్తుంచుకోండి. ఓడ మెయిన్ డిస్ట్రిబ్యూషన్‌లో అలా కట్ చేసేదేమీ ఉండదు. ఎర్త్ లేని సిస్టమ్ మెషీన్‌ను నడిపిస్తుంది, అంతేగానీ మనిషికి రక్షణ ఇవ్వదు. ఓడలెక్కే ప్రతి కుర్రాడికీ మొదటి రోజే చెప్పాల్సిన మాట ఇది.

అమెరికా సైనిక ప్రమాణం మిల్-స్టాండర్డ్ 461 నౌకాదళ పరికరాల్లో లైనుకూ బాడీకీ మధ్య పెట్టే ఫిల్టర్ కెపాసిటెన్స్‌కు 60 హెర్ట్జ్ దగ్గర ఒక్కో లైనుకు 0.1 మైక్రోఫారడ్ అని హద్దు పెట్టింది కూడా దీని కోసమే. ఒక్కో పరికరంలో చూస్తే చిన్నదే, వందల పరికరాలు చేరితే ఎర్త్ లేని సిస్టమ్ పేరుకు మాత్రమే మిగులుతుంది.

ఇక పట్టుకోవడం. అన్నిటికన్నా పాతది మూడు దీపాల పద్ధతి. మెయిన్ స్విచ్‌బోర్డ్ మీద ఒకే వాటేజి బల్బులు మూడు, ఒక్కో ఫేజ్‌కు ఒకటి, స్టార్‌లో కలిపి ఆ మధ్య బిందువును హల్‌కు కలుపుతారు. చాలా చోట్ల ఆ కలిపే పని ఒక బటన్ చేస్తుంది. బటన్ నొక్కకముందు మూడూ సమానంగా వెలుగుతాయి. నొక్కినా అలాగే ఉంటే ఫాల్ట్ కనిపించలేదని అర్థం. నొక్కగానే ఒకటి ఆరిపోయి మిగతా రెండు మిరుమిట్లు గొలిపితే ఆరిపోయిన ఫేజ్ నేరుగా హల్‌కు తగిలిందని అర్థం. చదువు రానివాడికి కూడా అర్థమయ్యే పరికరం, చెడిపోయేదేమీ లేదు, ఖర్చు లేదు. ఇన్నేళ్లుగా నిలబడిందంటే ఊరికే కాదు.

కానీ దాని గుడ్డితనం ఎక్కడుందో తెలియకపోతే అది మోసం చేస్తుంది. ఒకటి, మూడు ఫేజ్‌ల ఇన్సులేషనూ సమానంగా తడిసి పాడైతే మూడు దీపాలూ సమానంగానే వెలుగుతాయి. డెక్ మీద జంక్షన్ బాక్సులోకి ఉప్పునీళ్లు దిగితే జరిగేది సరిగ్గా ఇదే. దీపాలు తేడాను చూపిస్తాయి తప్ప ఇన్సులేషన్ ఎంత ఉందో చూపించవు.

రెండోది దీనికన్నా లోతైనది, చాలామంది గమనించనిది. పైన చెప్పిన 10 మైక్రోఫారడ్ల ఓడనే తీసుకుందాం. మూడు ఫేజ్‌లవీ కలిపి 30 మైక్రోఫారడ్లు, 60 హెర్ట్జ్ దగ్గర దాని రియాక్టెన్స్, అంటే ఏసీకి కెపాసిటర్ చూపే అడ్డు, 88 ఓమ్‌లు మాత్రమే. ఇప్పుడు ఆర్ ఫేజ్‌కు, హల్‌కు మధ్య 1000 ఓమ్‌ల ఫాల్ట్ వచ్చిందనుకోండి. ఇన్సులేషన్ దృష్టితో చూస్తే ఇది చాలా చెడ్డ ఫాల్ట్, ఉండాల్సింది మెగా ఓమ్‌లలో. అయినా 88 ఓమ్‌ల పక్కన 1000 ఓమ్‌లు హల్‌తో పోలిస్తే న్యూట్రల్‌ను కదిలించేది 22 వోల్ట్‌లే. పైగా ఆ 22 వోల్ట్‌లు ఆర్ ఫేజ్ దిశలో కాకుండా దాదాపు దానికి లంబంగా వస్తాయి, ఎందుకంటే ఫాల్ట్ కరెంటు రెసిస్టెన్స్ గుండా పోయి కెపాసిటెన్స్ గుండా తిరిగొస్తోంది. ఫలితం ఏమిటంటే ఫాల్ట్ ఉన్న ఆర్ ఫేజ్ దీపం 253 వోల్ట్ దగ్గర, అంటే దాదాపు మామూలుగానే వెలుగుతుంది. ఏ పాపమూ తెలియని వై ఫేజ్ 236కి పడిపోతుంది, బి ఫేజ్ 274కి పెరుగుతుంది. దీపాలు చూసి తీర్పు చెప్పేవాడు వై ఫేజ్ కొద్దిగా మసకగా ఉందని వై మీద అనుమానపడతాడు. అసలు దొంగ ఆర్. ఇలాంటి చోట పనికొచ్చే నియమం వేరు: అన్నిటికన్నా ఎక్కువ వోల్టేజ్ ఏ ఫేజ్‌లో ఉందో చూడాలి, ఫేజ్‌ల వరుసలో దాని తర్వాత వచ్చేదే ఫాల్ట్ ఉన్న ఫేజ్. ఇక్కడ ఎక్కువ ఉన్నది బి, వరుసలో దాని తర్వాతిది ఆర్. దీనికి దీపాలు చాలవు, ప్రతి ఫేజ్‌కూ హల్‌కూ మధ్య వోల్ట్‌మీటర్ ఉండాలి, ఫేజ్‌ల వరుస తెలిసి ఉండాలి. ఆ 1000 ఓమ్‌లు మనిషి ఒంటి రెసిస్టెన్స్‌తో సమానమని కూడా గమనించండి. అంటే ఒక మనిషి వైరుకు అతుక్కుని ఉన్నా దీపాల్లో పెద్ద తేడా కనిపించదు.

సముద్రంలో ప్రాణరక్షణ కోసం చేసుకున్న అంతర్జాతీయ సోలాస్ ఒప్పందం రెండో అధ్యాయంలో, ఎర్త్ లేని డిస్ట్రిబ్యూషన్ వాడితే ఇన్సులేషన్‌ను నిరంతరం గమనిస్తూ అది అసాధారణంగా తగ్గినప్పుడు శబ్దంతోనో వెలుగుతోనో హెచ్చరించే పరికరం ఉండి తీరాలని నియమం ఉంది. ఆ పని చేసేదే ఇన్సులేషన్ మానిటర్. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ (ఐఈసీ) వారి 61557-8 దీని ప్రమాణం. పని చేసే తీరు సులువే: ఫేజ్‌లకు, హల్‌కు మధ్య తన సొంత చిన్న డీసీ వోల్టేజ్ పెడుతుంది, ఎంత కరెంటు లీకవుతుందో కొలుస్తుంది, భాగించి ఓమ్‌లలో చూపిస్తుంది. డీసీ కెపాసిటర్ గుండా పోదు కాబట్టి పైన చెప్పిన కెపాసిటెన్స్ గొడవ దీనికి లేదు, మూడు ఫేజ్‌లూ సమానంగా తడిసినా దొరికిపోతుంది.

అయితే డ్రైవులు వచ్చాక దీనికీ కష్టం మొదలైంది. పంపులకు, ఫ్యాన్లకు, క్రేన్లకు ఇప్పుడు మోటారు వేగాన్ని మార్చే వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవులు పెడుతున్నారు. డ్రైవు లోపల ఏసీని డీసీ చేసి మళ్లీ ఏసీ చేస్తారు. ఆ డీసీ భాగంలో ఇన్సులేషన్ పోతే అది తనంతట తానే డీసీ కరెంటును హల్‌లోకి తోస్తుంది, మానిటర్ తన కరెంటు ఏదో, ఫాల్ట్ తోసిన కరెంటు ఏదో తేల్చుకోలేక తప్పు విలువ చూపిస్తుంది. అందుకే కొత్త మానిటర్లు స్థిరమైన డీసీకి బదులు మెల్లగా దిశ మారే పల్స్‌లు పంపి, రెండు దిశల్లోనూ కొలిచి తేడా తీసుకుంటాయి. దానికి టైమ్ పడుతుంది. ప్రతి పల్స్‌కూ ముందు సిస్టమ్ కెపాసిటెన్స్ అంతా తొట్టి నిండినట్టు నిండాలి, ఆ తర్వాతే మిగిలిన లీకేజీ కనిపిస్తుంది. 50 మైక్రోఫారడ్లు, 100 కిలో ఓమ్‌లు ఉంటే టైమ్ కాన్‌స్టెంట్, అంటే ఆ నిండే వేగానికి కొలత, ఒక్కటే 5 సెకన్లు, నమ్మదగిన రీడింగ్ రావాలంటే దానికి కొన్ని రెట్లు ఆగాలి. సిస్టమ్ ఎంత పెద్దదైతే మానిటర్ అంత నిదానం. వచ్చీపోయే ఫాల్ట్, అంటే ఓడ ఊగినప్పుడు మాత్రమే వైరు హల్‌కు రాసుకునే రకం, ఇలాంటి మానిటర్ కళ్లు కప్పి చాలాకాలం తిరగగలదు.

రీడింగ్ చదవడంలో ఇంకో రెండు చిక్కులు చెప్పుకోవాలి. మానిటర్ చూపించేది కలిసి ఉన్న సర్క్యూట్లన్నిటి ఇన్సులేషన్ సమాంతరంగా. ఒక్కోటి 10 మెగా ఓమ్‌లు ఉన్న మంచి సర్క్యూట్లు వంద కలిస్తే వచ్చేది 100 కిలో ఓమ్‌లు. ఎవరి తప్పూ లేకుండానే అలారం హద్దు దగ్గరికి వచ్చేయొచ్చు. కాబట్టి ఒక్క రోజు అంకె కన్నా, రోజురోజుకూ అది ఎటు పోతోందన్నదే ముఖ్యం. లాగ్‌బుక్‌లో ప్రతి వాచ్‌కూ, అంటే ప్రతి డ్యూటీ వంతుకూ, అంకె రాసే ఓడలో తేమ వల్ల నిదానంగా దిగుతున్నదేదో, ఒక్కసారిగా పడిపోయినదేదో ఇట్టే తెలుస్తుంది. రెండోది బస్ టై, అంటే స్విచ్‌బోర్డ్ రెండు సగాలనూ కలిపే బ్రేకర్. స్విచ్‌బోర్డ్ రెండు సగాలకూ చెరో మానిటర్ ఉంటుంది. బస్ టై వేసి రెండు సగాలనూ కలిపాక రెండు మానిటర్లూ ఆన్‌లోనే ఉంటే ఒకదాని పల్స్‌లు ఇంకోదానికి ఫాల్ట్‌లా కనిపిస్తాయి, లేని ఫాల్ట్ కోసం ఓడంతా వెతుకుతారు. ఒకటి దానంతట అది తప్పుకునే ఏర్పాటు ఉందో లేదో డ్రాయింగులో చూసుకోవాలి.

ఫాల్ట్ ఉందని తెలియడం సగం పనే, నిజానికి సులువైన సగం. అది ఎక్కడుందో వెతకడంలోనే మనుషులు అలసిపోయేది, ఓపిక పోగొట్టుకుని అలారం ఆపేసేది. మానిటర్ ఓడ మొత్తానికి ఒకే అంకె చూపిస్తుంది, చిరునామా చెప్పదు. పాత పద్ధతిలో ఒక్కో ఫీడర్ బ్రేకర్ తీస్తూ మీటరు కేసి చూస్తూ ఉండాలి. ఏది తీయగానే ఇన్సులేషన్ ఎగసిందో అదే దారి. ఆ తర్వాత ఆ ఫీడర్ కింద ఉన్న డిస్ట్రిబ్యూషన్ బోర్డుకు పోయి అక్కడా అదే వరుస. వంటగది, లాండ్రీ ముందు చూస్తారు, ఎందుకంటే హీటర్లలోకి తేమ చేరడం రోజూ జరిగేదే. కంటైనర్ ఓడైతే రీఫర్ సాకెట్లు, అంటే చల్లగా ఉంచాల్సిన కంటైనర్లకు డెక్ మీద ఇచ్చే 440 వోల్ట్ ప్లగ్గులు. ఉప్పుగాలిలో, వానలో ఉండే ఆ ప్లగ్గుల్లో, బయటి నుంచి వచ్చిన కంటైనర్ల కంప్రెసర్లలో, డీఫ్రాస్ట్ హీటర్లలో ఎర్త్ ఫాల్ట్ దొరకడం ఈటీఓలకు నిత్యం ఉన్న పనే. ఆ తర్వాత డెక్ మెషినరీ. చివరకు మిగిలేవి ఆపడానికి వీల్లేనివి: స్టీరింగ్ గేర్, లూబ్ ఆయిల్ పంపు, కూలింగ్ పంపు. వాటిని స్టాండ్‌బై మీదికి మార్చి ఒకదాని తర్వాత ఒకటి ఆపి చూడాలి, అదీ బ్రిడ్జికి (ఓడను నడిపే గదికి), ఇంజిన్ రూమ్‌కు ముందే చెప్పి, ఓడ ఖాళీ నీళ్లలో ఉన్నప్పుడు. ఇక్కడొక వెసులుబాటు ఉంది. లైటింగ్‌కు ఇచ్చే 220 వోల్ట్ సప్లై ట్రాన్స్‌ఫార్మర్ అవతల ఉంటుంది, దాని ఎర్త్ ఫాల్ట్ 440 వైపు కనిపించదు, దానికి మానిటర్ వేరే. ఏ ప్యానెల్ మీద అలారం వచ్చిందో సరిగ్గా చూసుకుంటే సగం వెతుకులాట తప్పుతుంది.

బ్రేకర్లు తీయకుండా వెతికే దారి ప్రతి ఫీడర్ మీద కోర్ బ్యాలెన్స్ సీటీ, అంటే కరెంటును కొలిచే రింగు లాంటి ట్రాన్స్‌ఫార్మర్, పెట్టడం. మూడు ఫేజ్‌ల వైర్లూ ఒకే రింగు గుండా పోతే మామూలుగా మొత్తం సున్నా. తేడా వస్తే ఆ ఫీడర్ నుంచి హల్‌లోకి ఏదో పోతున్నట్టు. ఎర్త్ ఉన్న సిస్టమ్‌లో ఇంతటితో అయిపోయేది. ఇక్కడ కాదు, ఎందుకంటే ఫాల్ట్ వచ్చినప్పుడు మంచి ఫీడర్ల కెపాసిటెన్స్ కూడా కరెంటు తీసుకుంటుంది, వాటి సీటీల్లోనూ రీడింగ్ వస్తుంది. మళ్లీ అదే ఓడ. మొత్తం 30 మైక్రోఫారడ్లలో ఒక ఫీడర్ వాటా 6 అనుకుంటే, ఫాల్ట్ ఇంకెక్కడో ఉన్నప్పుడు ఈ ఫీడర్ సీటీ 0.57 ఆంపియర్లు చూపిస్తుంది. ఫాల్ట్ ఈ ఫీడర్‌లోనే ఉంటే మిగతా 24 మైక్రోఫారడ్ల కరెంటు దీని గుండా పోతుంది కాబట్టి 2.3 ఆంపియర్లు. తేడా ఉంది, పట్టుకోవచ్చు. కానీ ఒకే ఫీడర్ వాటా సగం దాటిందా, అప్పుడు దాని సీటీ తనలో ఫాల్ట్ ఉన్నప్పటి కన్నా, ఫాల్ట్ ఇంకెక్కడో ఉన్నప్పుడే ఎక్కువ చూపిస్తుంది. అందుకని సైజు మాత్రమే చూడకుండా దిశ చూడాలి. న్యూట్రల్ వోల్టేజ్‌తో పోలిస్తే మంచి ఫీడర్లలో ఈ కరెంటు 90 డిగ్రీలు ముందుంటుంది, ఫాల్ట్ ఉన్నదానిలో 90 డిగ్రీలు వెనక. ఫాల్ట్ గట్టిదైతే ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. పైన చెప్పిన 1000 ఓమ్‌ల రకమైతే న్యూట్రల్ కదిలేదే 22 వోల్ట్‌లు, కరెంటులూ ఆ మేరకు పది పన్నెండో వంతుకు పడిపోతాయి, చిన్న ఫీడర్లలో పదుల మిల్లీ ఆంపియర్ల దగ్గర సీటీ తప్పులే అంత ఉంటాయి.

ఇప్పుడు ఎక్కువ నమ్మకం పెట్టుకుంటున్నది ఐఈసీ 61557-9 రకం ఫాల్ట్ లొకేటర్ల మీద. మానిటర్ అలారం ఇవ్వగానే ఒక పరికరం ఫేజ్‌లకు, హల్‌కు మధ్య కొన్ని సెకన్లకోసారి చిన్న టెస్ట్ కరెంటు పల్స్ పంపుతుంది, ప్రతి ఫీడర్ సీటీ ఆ పల్స్ కోసం కాచుకుని ఉంటుంది. పల్స్ ఏ ఫీడర్‌లో కనిపిస్తే ఫాల్ట్ అక్కడ. సీటీలు లేని కింది బోర్డుల్లో చేతిలో పట్టుకునే క్లాంప్‌తో అదే పల్స్ వెంట కేబుల్ పట్టుకుని పోవచ్చు. ఏ మోటారూ ఆపనక్కర్లేదు. కొత్త ఓడ కట్టించేటప్పుడు దీనికయ్యే ఖర్చును చాలామంది ఓనర్లు అనవసరం అనుకుంటారు, నియమం అడిగేది మానిటర్ మాత్రమే కాబట్టి. ఇది పొదుపు కాదు. వెతకడం కష్టమైన ఓడలో ఫాల్ట్‌ను వెతకరు, అలారంతోనే నెలలు గడుపుతారు, మొదట చెప్పిన గడువంతా వృథా అవుతుంది. 6.6 కిలోవోల్ట్, 11 కిలోవోల్ట్ ఓడల్లో సంగతి వేరు, అక్కడ న్యూట్రల్‌ను రెసిస్టర్ ద్వారా హల్‌కు కలుపుతారు కాబట్టి ఫాల్ట్ ఫీడర్‌ను రిలే గుర్తుపట్టి తీసేయగలదు.

సముద్రం చూడని జిల్లాల్లో ఈ గొడవంతా ఎవరికి అనిపించవచ్చు. ఇదే సమస్య ఇక్కడా ఉంది, పేరు మారింది అంతే. ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్‌లో ప్రాణాధార పరికరాలకు ఐఈసీ 60364-7-710 చెప్పేది ఎర్త్ లేని సప్లైనే, 50 కిలో ఓమ్‌లకు పడితే అలారం రావాలి, సర్జరీ మాత్రం ఆగకూడదు. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ ప్లాంటు లాంటి చోట్ల, పెద్ద సబ్‌స్టేషన్లలో బ్రేకర్లను నడిపే బ్యాటరీ డీసీ కూడా సాధారణంగా ఎర్త్ లేనిదే. అక్కడ ఒక డీసీ ఎర్త్ ఉండగా ఇంకొకటి వస్తే ఎవరూ చెప్పకుండానే బ్రేకర్‌ను తెరిచే ట్రిప్ కాయిల్ పనిచేయొచ్చు, లేదా చెప్పినా పనిచేయకపోవచ్చు.

ఓడకు అన్నిటికన్నా దగ్గరి చుట్టం మాత్రం సోలార్. ఓర్వకల్లు ప్రాంతంలో 1000 మెగావాట్ల కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు ఉంది. ఇలాంటి ప్లాంట్లలో ప్యానెళ్ల డీసీ వైపు చాలావరకు ఎర్త్ లేకుండా నడుపుతారు. పొద్దున్నే ఇన్వర్టర్ గ్రిడ్‌కు కలిసే ముందు ఇన్సులేషన్ కొలుస్తుంది, తక్కువుంటే స్టార్ట్ కాదు. రాత్రి వాన పడి తెల్లారితే ఇన్సులేషన్ తక్కువ అన్న మెసేజ్ రావడం, ఎండ ఎక్కాక దానంతట అదే పోవడం అక్కడ పనిచేసే టెక్నీషియన్లకు అలవాటైన విషయం. నీళ్లు దిగిన కనెక్టరో, ఫ్రేమ్ అంచుకు రాసుకుని తోలు ఊడిన కేబులో కారణమవుతుంది, ఎండకు ఆరితే మాయమవుతుంది, మళ్లీ వానకు వస్తుంది. ఎండలో మాయమైంది కదా అని వదిలేస్తే, రెండో చోట తోలు ఊడిన రోజు రెండు చోట్ల మధ్య డీసీ ఆర్క్ లేస్తుంది. డీసీ ఆర్క్ ఏసీలా సున్నా దాటదు, తేలిగ్గా ఆరదు.

వెతకడంలో సోలార్‌కు ఉన్న ఒక సౌకర్యం మాత్రం ఓడకు లేదు. 40 వోల్ట్ ప్యానెళ్లు ఇరవై వరుసగా ఉన్న స్ట్రింగును విడదీసి, మంచి మల్టీమీటర్‌తో పాజిటివ్ నుంచి ఎర్త్‌కు 320, నెగటివ్ నుంచి ఎర్త్‌కు 480 వోల్ట్ వచ్చాయనుకోండి. 320ని 40తో భాగిస్తే 8. పాజిటివ్ వైపు నుంచి ఎనిమిదో ప్యానెల్‌కు, తొమ్మిదో ప్యానెల్‌కు మధ్య కనెక్టరు దగ్గరికి నేరుగా పోవచ్చు. ఓడలు కూడా ఇప్పుడు బ్యాటరీలతో, డీసీ బస్‌తో (అన్ని పరికరాలకూ డీసీ పంచే ఉమ్మడి లైనుతో) వస్తున్నాయి, కానీ అక్కడ బస్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వోల్టేజ్‌లో ఉంటుంది. పాజిటివ్ ఎర్త్ అయిందా, నెగటివ్ అయిందా అన్నది వోల్ట్‌మీటర్ చెబుతుంది, ఎక్కడ అన్నది చెప్పలేదు. పైగా 60 హెర్ట్జ్ న్యూట్రల్ వోల్టేజ్ లేదు కాబట్టి దిశ చూసే పద్ధతి కూడా చేతికి రాదు. కన్వర్టర్ల స్విచింగ్ గోలలోంచి టెస్ట్ పల్స్‌ను ఏరుకోవాలి, దానికి మామూలు సీటీ చాలదు, డీసీని కూడా చూడగల సెన్సర్ ప్రతి ఫీడర్‌కూ కావాలి.